జాబు, పంచాంగం, దినచర్య

మానవుని నిత్యకృత్యాలను పరిశీలిస్తే, అవి రెండు మూలాల నుండి పుడుతున్నట్లు తోస్తుంది. ఒకటి మాట, రెండవది వేళ. ఎవరో ఒకరు మనలను ఏదో ఒకటి చేయుమని కోరుతారు. దానిని ఫలానా దినాన, ఫలానా గడియకు చేయవలసి ఉంటుంది. కోరిక జాబుగా వస్తుంది. వేళ పంచాంగంలోనో, గోడకు తగిలించిన క్యాలెండరులోనో ఉంటుంది. ఈ రెంటినీ కలిపి ముడివేసినప్పుడే అది మనకు పని అవుతుంది. ఆ ముడిని పూర్వం మనిషి తన మనసులో తానే వేసికొనేవాడు. నేడు ఈ-మెయిలునూ క్యాలెండరునూ ఒకే తెరమీద చేర్చిన కంప్యూటరు సాఫ్ట్‌వేరు ఆ ముడిని వేస్తున్నది. ఈ మార్పు ఎట్లా వచ్చినదో, దానివలన మన దినం మీద అధికారం ఎవరి చేతికి పోయినదో విచారించడమే ఈ ప్రసంగ విషయం.

దృష్టాంతానికి కె. కోటపాడును తీసికొందాం. చోడవరానికి చేరువలో ఉన్న ఈ మండల కేంద్రం 2022 ఏప్రిల్ 3 వరకు విశాఖపట్టణం జిల్లాలోనిది. మరునాటి నుండి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది. వరి, చెరకు పండే సీమ. ఇటువంటి పల్లెలలో పూర్వం ఎవరి క్యాలెండరు వారికి ఉండవలసిన అవసరం లేకపోయినది. ఉగాది నాడు పంచాంగ శ్రవణం జరిగేది. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదు అంగాలు, వర్జ్యం, దుర్ముహూర్తం ఊరందరికీ ఒక్కటే. దినం అరువది గడియలు. గడియకు ఇరువది నాలుగు నిమిషాలు. దుక్కికి అదను, పెండ్లికి లగ్నం, వారపు సంత, ఇవి అందరూ ఎరిగినవే. కాలం ఊరి ఉమ్మడి ఆస్తి. దానిపై ఏ ఒక్కరి పేరూ వ్రాసి ఉండేది కాదు.

ఇటువంటి కాలాన్ని గడియారపు లెక్కలోనికి తెచ్చే ప్రయత్నం మన తీరంలో చాలా ముందే జరిగినది. గోడే వేంకట జగ్గారావు గారు మదరాసు వేధశాలాధికారి టేలరు దొరవద్ద ఖగోళశాస్త్రం అభ్యసించి, 1840లో విశాఖపట్టణంలో సొంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పినారు. వారి అనంతరం వారి అల్లుడు అంకితం వేంకట నరసింగరావు గారు ఆ కృషిని కొనసాగించినారు. నక్షత్రాలను చూచి నిర్ణయించిన సరియైన వేళను డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండా ఎత్తి పట్టణానికీ ఓడలకూ తెలియజేసే ఏర్పాటు ఆనాడే ఉండేది. ఆ జెండా ఎవరినీ పేరుపెట్టి పిలిచినది కాదు. చూచినవారు తమ గడియారాలను సరిచేసికొన్నారు, అంతే. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోనికి వచ్చిన పిమ్మట, గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందుగా దేశానికంతకూ ఒకే వేళ నిర్ణయమైనది.

వేళ సంగతి ఇట్లా ఉండగా, జాబు వేరొక దారిని నడచినది. 1854 అక్టోబరులో ఇండియాలో తపాలాకు దూరంతో నిమిత్తం లేకుండా ఏకరీతి రుసుము ఏర్పడినది. పావు తులం మించని జాబుకు అర్ధణా. 1879 జులై 1న పావు అణా కార్డు వచ్చినది. అప్పటినుండి సామాన్యుడు కూడా దూరాన ఉన్నవారికి తన కోరికను తెలుపగలిగినాడు. అయితే జాబుకు ఒక మర్యాద ఉన్నది. అది చదువరి తీరికకోసం వేచి ఉంటుంది. తపాలా బంట్రోతు జాబును ఇంటి గడపకు చేరుస్తాడే కాని, దానికి సమాధానం వ్రాయవలసిన గడియను నిర్ణయించడు. తొందర ఉన్నవారు తంతి పంపేవారు. ఆ తంతి సేవ 2013 జులైలో నిలిచిపోయినది.

జాబును, తేదీని చేర్చి ముడివేసేది ఆ రోజులలో దినచర్య పుస్తకం. మనం డైరీ అంటున్నది. నేటి అనకాపల్లి జిల్లాలోని రాయవరంలో 1862లో జన్మించిన గురజాడ అప్పారావు గారి లేఖలూ, దినచర్యలూ రెండూ అచ్చయి మనకు దొరుకుతున్నవి. విజయనగర సంస్థానపు కొలువులో అనేక వ్యవహారాలు చూచిన వారికి జాబులు ఒకచోట, దినచర్య వేరొకచోట. ఈ రెంటి నడుమ వారి సొంత విచక్షణ ఉన్నది. వచ్చిన జాబులలో దేనికి ఏ దినం కేటాయించవలెనో నిర్ణయించేది వారి కలమే. ఆ పుస్తకంలో ఇతరులెవరూ వ్రాయలేరు. నా అభిప్రాయంలో డైరీకి గల ఘనత అంతా ఇందులోనే ఉన్నది.

ఇతరులు మన దినంలో వ్రాసే సందర్భాలు అప్పుడూ లేకపోలేదు. న్యాయస్థానపు సమన్లు ఒకటి. మన ప్రాంతపు చెరకు రైతు ఎరిగినది మరొకటి. అది చక్కెర కర్మాగారం పంపే కటింగ్ ఆర్డరు. నరికిన చెరకును ఒకటి రెండు దినాలలో ఆడకపోతే తీపి తరిగిపోతుంది. కర్మాగారం దినానికి ఇంత అని మాత్రమే ఆడగలదు. అందుచేత ఎవరు ఏనాడు నరకవలెనో కర్మాగారమే నిర్ణయించి చీటీ పంపే పద్ధతి ఏర్పడినది. గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారపు పరిధిలోని రైతులకు ఇది చెప్పనక్కరలేదు. ఆ చీటీ వట్టి జాబు కాదు, వట్టి తేదీ కాదు, రెండూ కలిసినది. అది వచ్చినదంటే కూలీలు, బండ్లు, ఇంటిలోని ఇతర పనులు అన్నీ దానిని అనుసరించి కదలవలసినదే. అది ఆలస్యమయితే చేనులో చెరకు ఎండుతుంది. పరుల దినాన్ని నిర్ణయించే వానికి ఎంత బాధ్యత ఉన్నదో ఈ చిన్న చీటీ చెబుతుంది.

ఇక యంత్రం సంగతికి వద్దాం. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఆర్పానెట్ అనే వలయంలో ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు జాబు పంపే ఏర్పాటు చేసి, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ నేడు మనం "ఎట్" అని పలికే గుర్తును ఉంచినాడు. పది సంవత్సరాల పిమ్మట, 1981లో, ఐ.బి.ఎం. సంస్థ ప్రాఫ్స్ అనే కార్యాలయ సాధనాన్ని విడుదల చేసినది. అందులో జాబులూ, తేదీల పట్టికా ఒకే తెరమీద కలిసినవి. 1997లో మైక్రోసాఫ్ట్ వారి ఔట్‌లుక్ ఈ జంటను సామాన్యమైన బల్లమీది కంప్యూటరులోనికి తెచ్చినది. 2004లో జీమెయిల్, 2006లో గూగుల్ క్యాలెండరు వచ్చిన తరువాత ఇవి ఇల్లిల్లూ చేరినవి.

ఈ వరుసలో అందరూ గమనించనిది 1998 నవంబరులో వెలువడిన ఐ-క్యాలెండర్ అనే ప్రమాణం. ఒక సంస్థవారి యంత్రం పంపిన తేదీని మరొక సంస్థవారి యంత్రం చదివి అర్థం చేసికొనడానికి అవసరమైన ఉమ్మడి లిపి వంటిది అది. దీని మూలంగా ఆహ్వానం ఒక జాబుగా వస్తుంది. అంగీకరించినామంటే నేరుగా మన దినంలో చేరి కూర్చుంటుంది. గురజాడవారి కాలంలో జాబుకూ దినచర్యకూ నడుమ నిలిచిన ఆ కలం ఇక్కడ ఒక్క మీటగా మారినది. పైగా, ఒకే కార్యాలయంలోనివారు ఒకరి తీరిక వేళలను ఒకరు తెరమీద చూడగలరు. ఖాళీగా కనబడిన గడియ ఇతరులు తీసికొనదగిన గడియ అనే భావం దీనివలన ప్రబలినది.

మన దేశంలో ఈ సాధనాల రాక క్రమంగా జరిగినది. 1976లో జాతీయ సమాచార కేంద్రం ఏర్పడినది. 1980ల చివరి భాగంలో నిక్‌నెట్ జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా రాజధానులతో కలుపసాగినది. విద్యాసంస్థలకు ఎర్‌నెట్ వచ్చినది. 1995 ఆగస్టు 15న విదేశ సంచార్ నిగమ్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను అందించినది. అమెరికాలోని తెలుగు విద్యార్థులు అంతకు ముందే ఈ-మెయిలులో తెలుగు వ్రాసికొనే మార్గం వెదకినారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును నియమబద్ధంగా వ్రాయడానికి ఉపకరించినది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే మన లిపికి స్థానం దొరికినది. కాని అది అందరి యంత్రాలకూ చేరడానికి పదేండ్లకు పైగా పట్టినది.

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశంలో గ్రామ సచివాలయాలు ప్రారంభమయినప్పుడు, పల్లెలోని అర్జీ కూడా ఈ దారికే వచ్చినది. అర్జీకి ఒక సంఖ్య, పరిష్కారానికి ఒక గడువు. పూర్వం కచేరీలో కాగితాల కట్టలో ఉండిపోయిన అర్జీకి తేదీ అంటూ ఉండేది కాదు; ఏండ్ల తరబడి తిరుగవలసి వచ్చేది. జాబుకు తేదీ తగిలించడం పేదవానికి మేలు చేయగలదనడానికి ఇది నిదర్శనం. గడువు అధికారిని కట్టివేస్తుంది. అర్జీదారుకు అడిగే హక్కునిస్తుంది. కాబట్టి ఈ సాధనం చెడ్డదని నా వాదం కాదు.

అయితే యంత్రపు క్యాలెండరు ఎరుగని కాలం ఒకటి మన ఇండ్లలో ఇంకా ఉన్నది. తండ్రిగారి తద్దినాన్ని ఎవరైనా "ప్రతి సంవత్సరం ఇదే తేదీ" అని యంత్రంలో గుర్తుపెట్టుకొన్నట్లయితే మరుసటి ఏడే తప్పిపోతుంది. ఉగాదినే చూడండి: 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. తిథి చంద్రుని ననుసరించి సంవత్సరానికి పది పదకొండు దినాలు వెనుకకు జరిగి, అధికమాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా ముందుకు వస్తుంది. పైగా తిథి నిర్ణయం స్థానిక సూర్యోదయంపై ఆధారపడినది. అందుకే అమెరికాలోని తెలుగువారు అక్కడి నగరాలకు వేరుగా గణించిన పంచాంగాలను వాడుతున్నారు. ప్రభుత్వం కూడా ఈ చిక్కును ఎదుర్కొన్నది. దేశంలో ముప్పది వరకు పంచాంగ పద్ధతులు ఉండగా, మేఘనాథ్ సాహా గారి అధ్యక్షతన 1952లో సంఘం ఏర్పడినది. దాని సిఫారసు ననుసరించి 1957 మార్చి 22 నుండి శక సంవత్సరపు జాతీయ పంచాంగం అమలైనది. ఆకాశవాణి శ్రోతలకు ఆ తేదీలు పరిచితమే. అయినా తద్దినాలు, పండుగలు పాత తిథులనే అంటిపెట్టుకొన్నవి.

గంటల మార్పు మాత్రం యంత్రం చక్కగా చేస్తుంది. న్యూజెర్సీలోని కుమారుడు ఆదివారం ఉదయం ఎనిమిదికి మాట్లాడుదామని ఆహ్వానం పంపితే, శీతకాలంలో కోటపాడులోని తల్లి ఫోనులో అది సాయంత్రం ఆరున్నర అని, వేసవిలో ఐదున్నర అని దానంతట అదే కనబడుతుంది. అక్కడివారు మార్చిలో గడియారాలను ఒక గంట ముందుకు త్రిప్పుతారని ఆమె తెలిసికొననక్కరలేదు. కాని ఐదున్నర ఆ తల్లికి పాలు పితికే వేళయా, దీపం పెట్టే వేళయా అన్నది యంత్రానికి తెలియదు. అది ఆమె చెప్పవలసినదే.

ఇక్కడనే విషయం తేలుతున్నది. పంచాంగం ఊరందరి కాలాన్ని చెప్పినది. డైరీ ఒకని కాలాన్ని వానికే అప్పగించినది. ఈ-మెయిలుతో కలిసిన క్యాలెండరు మన కాలంలో ఇతరులు వ్రాసే వీలు కల్పించినది. అయితే ఆ ప్రమాణాన్ని కూర్చినవారు ఆహ్వానానికి మూడు సమాధానాలను ఏర్పరచినారు: వస్తాను, రాలేను, బహుశా రావచ్చు. మన వాడుకలో మొదటిది అలవాటుగా, మూడవది మొగమాటంగా మిగిలి, రెండవది మూలపడినది. పెద్దవారి ఆహ్వానానికి రాలేనని బదులు చెప్పడం అవిధేయత అనే సంకోచం మనలో బలంగా ఉన్నది. యంత్రం నిండా పనులు నిండి, మనిషి తీరిక ఎండిపోవడానికి సాఫ్ట్‌వేరు కన్న ఈ సంకోచమే పెద్ద కారణమని నాకు తోస్తున్నది.

దీనికి మందు కొత్తది కాదు. జాబులు చూచుటకు దినంలో ఒకటి రెండు వేళలు నియమించుకొని, తపాలా వచ్చే వేళ వలె పాటించవచ్చును. చదివిన జాబును మరల చదువనక్కర లేకుండా, పని ఉన్నదయితే దానికి తేదీ, లేనిదయితే సెలవు ఇవ్వవచ్చును. తనకు కావలసిన గడియలను ఇతరులకంటె ముందుగా తానే క్యాలెండరులో వ్రాసికొనవచ్చును. పరులకు ఆహ్వానం పంపేవారు, చెరకు రైతుకు కటింగ్ ఆర్డరు పంపే గుమాస్తా వలె, ఈ చీటీ అవతలి ఇంటిలో ఎన్ని పనులను కదలిస్తుందో ఒక క్షణం ఆలోచింపవలసి ఉన్నది.

జగ్గారావు గారి జెండా పట్టణానికి వేళ తెలిపినది. ఆ వేళలో ఏమి చేయవలెనో చెప్పలేదు. ఆ నిర్ణయం జెండా చూచినవారికే మిగిలినది. నేటి సాధనం ఎంత తెలివిగలదైనప్పటికీ, ఆ నిర్ణయాన్ని మనం అప్పగిస్తేనే దానికి చిక్కుతుంది. అప్పగించకపోతే అది చక్కని సేవకునిగా, జాబులు అందించి, వేళ గుర్తుచేసి, మన ఆజ్ఞకై వేచి ఉంటుంది.