బ్రూసెల్లా రక్త వర్ధనం

బ్రూసెల్లోసిస్ (మాల్టా జ్వరం) సోకిన రోగి రక్తం నుండి బ్రూసెల్లా అనే బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచే పద్ధతిని బ్రూసెల్లా రక్త వర్ధనం అంటారు. వైద్యులు వాడుకలో దీనిని బ్లడ్ కల్చర్ అనే అంటారు. ఈ వ్యాధి పశువులు, మేకలు, గొర్రెల నుండి, ముఖ్యంగా కాచని పాల ద్వారా, మనుషులకు సోకుతుంది.

చరిత్ర

మాల్టా ద్వీపంలో జ్వరంతో మరణించిన బ్రిటిష్ సైనికుల ప్లీహం నుండి 1887లో డేవిడ్ బ్రూస్ ఈ సూక్ష్మజీవిని వేరుచేసి పెంచాడు. మేకలే దీనికి ఆశ్రయమని 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జమ్మిట్ కనుగొన్నాడు. పైకి ఆరోగ్యంగా కనిపించే మేకల పాలలోనూ క్రిములుండడం అప్పట్లో ఎవరూ ఊహించని విషయం.

ఎందుకు కష్టం?

బ్రూసెల్లా తెల్ల రక్తకణాల లోపల దాగి జీవిస్తుంది. అందువలన రక్తంలో దీని సంఖ్య చాలా తక్కువగా ఉండవచ్చు. పైగా ఇది మెల్లగా పెరుగుతుంది. కొన్ని రకాలకు 5 నుండి 10 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి అవసరం. రక్తం తీయకముందే యాంటీబయాటిక్ మందులు వాడి ఉంటే క్రిమి దొరకడం మరింత కష్టం. వ్యాధి దీర్ఘకాలికమైనపుడు కూడా ఇంతే. ఇటువంటి సందర్భాలలో ఎముక మజ్జను వర్ధనం చేస్తే ఫలితం మెరుగ్గా ఉండవచ్చు.

కాస్టనేడా సీసా

మెక్సికో శాస్త్రవేత్త రూయిస్ కాస్టనేడా 1947లో ప్రకటించిన పద్ధతి ఇది. ఒకే సీసాలో ఒక గోడకు అగర్ పొర పేరుకొని ఉంటుంది, అడుగున ద్రవ యానకం ఉంటుంది. రక్తాన్ని ద్రవంలో కలిపి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, రెండు మూడు రోజులకొకసారి సీసాను వంచి ద్రవం అగర్ మీదుగా పారేటట్లు చేస్తారు. క్రిములుంటే అగర్ మీద చిన్న కాలనీలు కనిపిస్తాయి. లేకుంటే నాలుగు వారాల వరకు, ఒక్కొక్కప్పుడు ఆరు వారాల వరకు కూడా, వేచి చూసేవారు. దీని గొప్పతనమంతా మూత తీయనక్కర లేకపోవడంలోనే ఉంది. మూత తీసిన ప్రతిసారీ బయటి క్రిములు లోపలికి పోవచ్చు, లోపలివి బయటికి రావచ్చు.

నేటి స్వయంచాలిత యంత్రాలు సీసాలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను గుర్తించి, చాలా సందర్భాలలో వారం లోపే హెచ్చరిస్తాయి.

ప్రయోగశాలలో ప్రమాదం

ప్రయోగశాల సిబ్బందికి తరచుగా సోకే బాక్టీరియాలలో బ్రూసెల్లా ఒకటి. గాలిలోకి లేచిన సూక్ష్మ తుంపరలను కొద్దిగా పీల్చినా చాలు. గ్రామ్ స్టెయిన్‌లో ఇవి లేత ఎరుపు రంగు ఇసుక రేణువులవలె కనిపిస్తాయి. కొన్ని గుర్తింపు యంత్రాలు వీటిని మొరాక్సెల్లా వంటి సాధారణ క్రిములుగా పొరబడిన సందర్భాలున్నాయి. అనుమానం కలిగిన వెంటనే పనిని జీవభద్రతా క్యాబినెట్‌లోకి మార్చాలి. ప్రమాదవశాత్తు ఎక్కువగా తాకిడికి లోనైనవారికి ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ మూడు వారాలు ఇస్తారు. కనుక రక్తం పంపే వైద్యుడు చీటీ మీద "జ్వరం" అని మాత్రమే వ్రాసి ఊరుకోకుండా, బ్రూసెల్లోసిస్ అనుమానం ఉన్నదని, రోగి పశువుల కాపరి అయితే ఆ సంగతినీ తప్పక తెలపాలి.

ఫలితం

క్రిమి పెరిగితే వ్యాధి నిర్ధారణ అయినట్లే. పెరగనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పరాదు. అప్పుడు రక్తరసిలో ప్రతిదేహాల పరీక్షలను, రోగి లక్షణాలను కలిపి చూస్తారు.