వేలానికి ముందు, గట్టుకు ఇవతల

ఐపీఎల్ వేలంపాట జరిగిన మర్నాడు పత్రికల్లో పేర్లూ, వాటి పక్కన లక్షలూ కోట్లూ కనబడతాయి. ఆ పేరు అసలు ఆ జాబితాలోకి ఎలా చేరిందన్న సంగతి అంతగా కనబడదు. నందిగామ, జగ్గయ్యపేటల వంటి పాత కృష్ణా జిల్లా మెట్ట ఊళ్ళ వైపు నుంచి చూస్తే అసలు కథ అక్కడే ఉంది. అది కొంత ఆటల చరిత్ర, కొంత సరిహద్దుల చరిత్ర.

పేరు లేని కుర్రవాణ్ణి వెదికి పట్టడంలో అమెరికా బేస్‌బాల్ వాళ్ళది అందెవేసిన చేయి. 1965 నుంచి అక్కడి వృత్తి జట్లు కొత్తవారిని ఏటా వంతులవారీగా ఎంచుకుంటున్నాయి. ఆ రోజు రాకముందే స్కౌట్లు ప్రాంతాలు పంచుకుని, బడి మైదానాలూ కళాశాల మైదానాలూ తిరిగి, ఎవరు ఎంత వేగంగా విసురుతున్నదీ, ఎవరు ఎంత త్వరగా పరుగెత్తుతున్నదీ వ్రాసుకుంటారు.

మన దేశంలోనూ ఒకసారి ఇటువంటి పంపకం జరిగింది. 2008 ఫిబ్రవరిలో ఐపీఎల్ తొలి వేలం ముగిశాక, మార్చిలో అండర్-19 కుర్రవాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకున్నాయి. ఢిల్లీ జట్టు ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకున్నది. ఢిల్లీ కుర్రవాడే అయిన విరాట్ కోహ్లీ బెంగళూరుకు పోయాడు. అయితే ఆ ఇద్దరూ అజ్ఞాతులు కారు, అప్పుడే ప్రపంచకప్పు గెలిచి వచ్చినవారు. 2013లో జాన్ రైట్ కంటబడిన బుమ్రా కూడా అప్పటికే గుజరాత్ జట్టుకు ఆడుతున్నవాడు. అంటే, మన స్కౌటు చూపు ఎక్కువగా రాష్ట్ర సంఘం జల్లెడ పట్టి ఇచ్చినవారి మీదనే నిలుస్తుంది. ఆ జల్లెడకు ముందున్నది జిల్లా ఎంపిక. కాబట్టి మన కుర్రవాడికి మొదటి స్కౌటు జిల్లా సెలెక్టరే.

మరి ఏ జిల్లా ఏ సంఘం కిందిది? ఇక్కడే చరిత్ర అడ్డుపడుతుంది. హైదరాబాదు క్రికెట్ సంఘం 1934లో, రంజీ పోటీలు మొదలైన ఏడాదే ఏర్పడింది. ఆంధ్ర సంఘం 1953లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది పుట్టింది. 1953-54లో తొలిసారి రంజీ బరిలో దిగిన ఆంధ్ర జట్టుకు యాభై ఎనిమిదేళ్ళ సి.కె. నాయుడు నాయకత్వం వహించాడు. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైనా సంఘాలు రెండూ కలవలేదు. నిజాం రాజ్యానికీ తెల్లవారి కృష్ణా జిల్లాకూ నడుమ ఉండిన పాత గట్టు పటంలో చెరిగిపోయింది గాని క్రికెట్టులో నిలిచింది. జగ్గయ్యపేట ఆ గట్టుకు ఇవతలి చివరి పట్టణం. అవతల కోదాడ. పెళ్ళిళ్ళకూ బేరసారాలకూ అడ్డురాని గట్టు బంతి పట్టిన కుర్రవాడికి అడ్డువచ్చింది. కోదాడ కుర్రవాడి దారి హైదరాబాదుకు, పేట కుర్రవాడి దారి బెజవాడకు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కార్యాలయాలన్నీ పంపకాల లెక్కలు వేసుకున్నాయి. క్రికెట్టుకు ఆ శ్రమ లేకపోయింది.

పేరు వచ్చినవారు గట్టు దాటగలరు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు హైదరాబాదుకు ఆడి, 2005-06లో ఆంధ్రకు వచ్చాడు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి కూడా హైదరాబాదు నుంచి ఆంధ్రకు మారి, 2018లో టెస్టు ఆడాడు. పేరు రానివాడికి మాత్రం తన జిల్లాయే లోకం.

ఆ లోకంలో చూసే కళ్ళు చాలాకాలం తక్కువగానే ఉండినట్లు తోస్తుంది. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టిన నలభై అయిదేళ్ళకు గాని దాని నుంచి ఒక టెస్టు ఆటగాడు రాలేదు. 1999లో ఎమ్మెస్కే ప్రసాద్ ఆ కొరత తీర్చాడు. ఆ ప్రసాదే 2016లో భారత సెలెక్టర్ల అధ్యక్షుడయ్యాడు. ఇక ఈ తరం చూడండి. విశాఖ కుర్రవాడు నితీష్ కుమార్ రెడ్డి 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ పోటీల్లో 1237 పరుగులు చేశాడు, అందులో నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్సులో 441. హైదరాబాదు సన్‌రైజర్స్ అతన్ని 20 లక్షలకు కొన్నది 2022 డిసెంబరులో. మెల్బోర్నులో అతని టెస్టు శతకం 2024 డిసెంబరులో. అంటే వేలానికి అయిదేళ్ళ ముందే అతని పేరు స్కోరు పుస్తకంలో ఉంది. కడప జిల్లా ఎర్రమల్లె అనే పల్లె నుంచి వచ్చిన శ్రీచరణిని 2024 డిసెంబరులో ఢిల్లీ జట్టు 55 లక్షలకు పాడుకున్నది. మరుసటి నవంబరులో ఆమె ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉంది. కాబట్టి పల్లెటూరు కావడం దానంతటది అనర్హత కాదు. ఎవరి పుస్తకంలోనూ ఎక్కకపోవడమే అనర్హత.

మెట్ట సీమ కుర్రవాడి చిక్కు సరిగ్గా అదే. పత్తి చేలు ఖాళీ అయ్యాక అతను ఆడేది టెన్నిస్ బంతితో. ఆ ఆటలో ఎన్ని సిక్సర్లు కొట్టినా వాటికి లెక్క ఉండదు. తోలు బంతీ, ప్యాడ్లూ, బెజవాడ రానుపోను ఖర్చులూ సమకూరేసరికి అండర్-14 దాటుతుంది, ఒక్కోసారి అండర్-16 కూడా. వయసు దాటినవాడి కోసం జల్లెడ ఆగదు.

ఒక మంచి మార్పు మాత్రం జరిగింది. నందిగామ నుంచి బెజవాడ వెళ్ళే రహదారి పక్కనే, ఇబ్రహీంపట్నం దగ్గర మూలపాడులో ఆంధ్ర సంఘం మైదానం వెలిసింది. 2016 నవంబరులో అక్కడ భారత, వెస్టిండీస్ మహిళల జట్లు తలపడ్డాయి. మైదానం దారి మీదికి వచ్చింది. స్కోరు పుస్తకం మాత్రం ఇంకా కొన్ని మైళ్ళు పడమరకు నడవాలి, ముందు నందిగామకు, అక్కడి నుంచి పేటకు. పేటలో బడిపిల్లలు తోలు బంతితో ఆడే ఆటను ఒకరు కూర్చుని వ్రాస్తే చాలు. వేలం రోజున కోట్లు పలికే చోటికి చేరే దారిలో అన్నిటికంటే చవకైన మెట్టు అదే. దాన్నే మనం ఇన్నాళ్ళూ కట్టకుండా వదిలేశాం.