ఓరుగల్లు చెరువులు: శికం, హరీం

ఓరుగల్లు చరిత్ర అనగానే కోట, శిలాతోరణాలు, వేయిస్తంభాల గుడి స్ఫురిస్తాయి. కాని ఆ రాజధానికి అన్నం పెట్టినవి చెరువులు. పాకాల, రామప్ప చెరువులు కాకతీయ గణపతిదేవుని (1199–1262) కాలం నాటివి. 1323లో ఉలుగ్ ఖాన్ నగరాన్ని జయించగా దానికి సుల్తాన్‌పూర్ అనే పేరు వచ్చింది. రాజ్యాలు మారాయి, చెరువు కింద సేద్యం, చెరువులో చేపల వేట మాత్రం నేటికీ సాగుతున్నాయి.

చెరువంటే నీరు మాత్రమే కాదు. కట్ట, తూము, మత్తడి, నీరు పరచుకొనే శికం భూమి, అన్నీ కలిస్తేనే చెరువు. వేసవిలో నీరు తగ్గినప్పుడు కొర్రమీను లోతైన మడుగుల్లో తలదాచుకుంటుంది. వానాకాలంలో మళ్లీ శికమంతా నీరు పరచుకుంటుంది. శికం కుదించుకుపోతే పొలానికి నీరూ, బెస్తవానికి వేటా రెండూ తగ్గుతాయి.

‘శికం’ ఫార్సీ పదం. కడుపు అని అర్థం. నిజాం రాజ్యపు రెవెన్యూ పరిభాష నుండి అది తెలుగు రైతు నోట నిలిచింది. చెరువు కడుపును కోయరాదన్న హెచ్చరిక ఆ మాటలోనే ఉన్నట్లుంది.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనూ దీనికి దగ్గరి భావన ఉంది. జలాధారం చుట్టూ ఇతరులు ఆక్రమించరాని మేరను ఫిఖహ్ పండితులు ‘హరీం’ అన్నారు. పశువులకు నీరందించే బావికి హనఫీ పండితులు నలభై మూరల హరీం నిర్ణయించారు. స్వేచ్ఛగా నీటిలో తిరిగే చేప పట్టేవరకు ఎవరి సొత్తూ కాదన్నారు. పట్టిన చేప ఒకరిదే కావచ్చు; దానిని పెంచే నీటిని కాపాడే బాధ్యత అందరిదీ.

ఇంగ్లండులో మధ్యయుగపు మఠాల చేపల చెరువులలో అనేకం నేడు ఎండిన గుంటలు. అయినా వాటిలో చాలావాటికి 1979 నాటి పురాతన కట్టడాల చట్టం రక్షణ కల్పిస్తున్నది. మన దేశంలో 1958 నాటి చట్టం ఉన్నది. రామప్ప ఆలయానికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. అది ఆలయం పేరిట వచ్చిన గౌరవం. గుడికి లభించిన శ్రద్ధ, నేటికీ బతికి ఉన్న చెరువుకు ఆ మేరకు లభించలేదు.

2020 ఆగస్టు వానలకు వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. నాలాలపై ఆక్రమణల మాట అప్పుడు అందరి నోటా వినిపించింది. తన దారి మూసుకుపోయిన నీరు ఇళ్లలోకి దారి చూసుకుంటుంది.

కట్టను మాత్రమే స్మారకంగా కాపాడితే చాలదు. శికం హద్దులు, వాగు దారులు, వేట హక్కులు కలిపి కాపాడినప్పుడే చెరువు చరిత్రగానూ జీవనాధారంగానూ నిలుస్తుంది.