ఇంద్రావతి వేగం, గుండ్రటి అంకెలు

కిందటి వర్షాకాలం బస్తర్‌లో ఉన్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను. జగదల్‌పూర్ వంతెన మీద కెమెరా స్టాండు పెట్టి, ఎర్రటి ఇంద్రావతిలో కొట్టుకుపోతున్న నురుగును వీడియో తీస్తున్నాడు. నీటి వేగం కొలవడానికట. ఆ నీరే చిత్రకోట్ దగ్గర దూకి, భద్రకాళి దగ్గర మన గోదావరిలో కలిసి భద్రాచలం వస్తుంది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగుల వరద చూసినవాళ్ళు మనలో ఉన్నారు. పైన లెక్క తప్పితే కింద ఊళ్ళకి అందే కబురూ తప్పుతుంది.

నీటి వేగం విషయంలో మోసపోవడం కొత్త కాదు. లోతుకి పోయేకొద్దీ వేగం పెరుగుతుందని ఒకప్పుడు నమ్మేవారు. 1732లో ఫ్రాన్సులో హెన్రీ పీటో సీన్ నదిలో గాజు గొట్టం ముంచి అది తప్పని తేల్చాడు. (విమానాల్లో ఉండే పైటాట్ ట్యూబ్ ఆయన పేరుదే, ఎయిర్‌ఫోర్స్ వారికి చెప్పక్కర్లేదు.) అందుకే పైన తేలే వస్తువు వేగాన్ని సాధారణంగా 0.85తో గుణిస్తారు. వెడల్పు 100 మీటర్లు, లోతు 4 మీటర్లు, పైవేగం సెకనుకు 2 మీటర్లు అనుకోండి. గుణించకపోతే సెకనుకు 800 ఘనపు మీటర్లు, గుణిస్తే 680.

1904లో జర్మనీలో ప్రాంట్ల్ నీటిలో అభ్రకం రేణువులు కలిపి ప్రవాహాన్ని ఫొటోలు తీశాడు. 1998లో జపాన్‌కు చెందిన ఫుజితా, ఆయన సహచరులు ఇదే పనిని నదుల స్థాయిలో వీడియోతో చేసే పద్ధతిని ప్రచురించారు. రెండు ఫ్రేముల మధ్య నురుగు ఎన్ని పిక్సెళ్ళు జరిగిందో కంప్యూటరు లెక్కిస్తుంది. నురుగు చుక్క మరీ చిన్నదై ఒకటి రెండు పిక్సెళ్ళే ఉంటే చిక్కు. అసలు జరిగింది 7.3 అయినా లెక్క 7 వైపుకే లాగుతుంది.

వింటుంటే నా సర్వీసు రోజులు గుర్తొచ్చాయి. రాత్రి డ్యూటీలో గాలి వేగం రిజిస్టరులో రాయాలి. చలికి బద్ధకించి ముల్లు ఉజ్జాయింపుగా చూసి రాసేసేవాణ్ణి. ఒక తెల్లవారి మా సుబేదారు సాబ్, శ్రీకాకుళం మనిషి, పేజీ చూసి "ఏటిరా, రాత్రంతా గాలి సున్నాల మీద, అయిదుల మీదే వీసిందేటి?" అన్నారు. ఆయన గాలి కొలవలేదు. చివరి అంకెలు చూశారంతే.

మేనల్లుడు చేసేదీ అదే. వేల కొలతల్లో దశాంశాలు మాత్రం విడదీసి లెక్కపెడతాడు. వేగాలు రకరకాలుగా ఉన్న ప్రవాహంలో అవి ఇంచుమించు సమంగా పరుచుకోవాలి. సున్నా చుట్టూ కుప్ప పడితే అనుమానం. నది నిజంగానే అలా పారుతోందేమో? అందుకని ఫ్రేముల మధ్య వ్యవధి మార్చి మళ్ళీ లెక్కిస్తాడు. నది గుణమే అయితే కుప్ప వేరే చోటికి జరగాలి. మళ్ళీ పూర్ణాంకాల మీదే కూర్చుంటే దోషం లెక్కది. సగటు మాత్రం చాలాసార్లు బాగానే వస్తుంది, సుడుల లెక్కే ఎక్కువ చెడుతుంది. అందుకే ఇది తొందరగా కంటపడదు.

నురుగు లేనిచోట కదలని వంతెన నీడ వేగాన్ని తగ్గించి చూపుతుంది. అక్కడ కరెంట్ మీటరు దింపి పోల్చుకోవాల్సిందే.

ఆ రోజు వీడియోలో కుప్ప కనిపించింది. నురుగు పెద్దగా పడేలా జూమ్ చేసి మళ్ళీ తీద్దామని బయల్దేరేసరికి వాన అందుకుంది.