దాలి మీద పాలకుండ

మా ఊరు పాణ్యంలో ఎండాకాలం వచ్చిందంటే పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మనిషిని మంచాన పడేసే సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల మధ్య పెరుగుతాయి. 37 డిగ్రీల దగ్గర కొన్ని ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఫ్రిజ్ లేని కాలంలో ఇట్లాంటి ఊళ్లో పొద్దున పితికిన పాలు సాయంత్రందాకా నిలిచాయంటే అది దాలి చలవే.

మా అవ్వ దాలి పెరట్లో గోడవార ఉండేది. గుంతలో పిడకలు పేర్చి నిప్పు రాజేసి, మంట అణిగాక పాలకుండ పెట్టేది. సెగ తగ్గితే ఇంకో పిడక తుంచి వేసేది. పాలు పొంగేవి కావు, చల్లారేవీ కావు. మధ్యాహ్నం దాటేసరికి ఎర్రబారి, పైన మందంగా మీగడ కట్టేది. 1860లలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ద్రాక్షసారాను మెల్లగా వేడిచేసి, చెడిపోకుండా ఆపవచ్చని చూపాడు. ఆయన పేరుతో వచ్చిన పద్ధతిలో పాలను 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలు. దాలి మీద పూటంతా కాగేవి.

అసలు గండం సాయంత్రం. దాలి నుంచి దించాక పాలు సూక్ష్మజీవులు పెరిగే ఆ నడిమి వేడిలోకి దిగక తప్పదు. అవ్వ వేలు ముంచి చూసి, గోరువెచ్చగా ఉండగానే తోడు వేసేది. ఎండాకాలం చుక్క, చలికాలం చెంచాడు. 40 డిగ్రీల చుట్టుపక్కల పెరుగు సూక్ష్మజీవులు చురుగ్గా పెరిగి పాలను పులియబెడతాయి. ఆ పులుపులో చెడ్డవి చాలామటుకు ఎదగలేవు. మిగిలిన జొన్న సంగటిని రాత్రి మజ్జిగనీళ్లలో వేసి, పొద్దున సద్దిగా తినడంలోనూ ఇదే కిటుకు.

1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల పథకం తర్వాత శీతల కేంద్రాలు, పాల ప్యాకెట్లు దేశమంతటా విస్తరించాయి. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, దాలి పోయింది. పిడకల పొగ తప్పినందుకు సంతోషమే. అయితే చలి సూక్ష్మజీవులను చంపదు, వాటి ఎదుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. కరెంటు పోయి లోపల వేడెక్కితే అవి మళ్లీ పెరుగుతాయి. పగలంతా పొయ్యి గట్టు మీద వదిలేసిన కూరను రాత్రి కాచి తినడమూ ప్రమాదమే. స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి వదిలిన విషం మరిగించినా పోదు.

అవ్వ చదువుకోలేదు, థర్మామీటరు చూడలేదు. అయినా ఆమె పాటించింది శాస్త్రమే, దాన్ని శాస్త్రమనే రాసిపెట్టాలి. తిండిని వేడిగా ఉంచాలి, లేదా చల్లగా ఉంచాలి, లేదా పులియబెట్టాలి. వండింది రెండు గంటల్లో తినాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మా ఊరి మే నెలలోనైతే గంటే గడువు.