ప్రాణము తీయని తుపాకి



మన చెఱువుగట్టునుండి కొంగ యెగయునప్పుడు దాని ఱెక్క యెట్లాడునో చూచితిరా యని యెవరైన మిమ్ము నడిగినచో, "చూడకేమి, పుట్టినది మొదలు చూచుచునే యున్నాము" అని మీరు బదులు చెప్పుదురు. అయిన ఆ ఱెక్క క్రిందికి దిగునప్పుడు దాని కొన ముందునకు సాగునా, వెనుకకు పోవునా యని రెండవ ప్రశ్న వేసినచో ఎంతటి పెద్దలైనను ఒకింత తడబడవలసినదే. పడవవాడు తెడ్డుతో నీటిని వెనుకకు త్రోయునట్లు పక్షియు ఱెక్కతో గాలిని వెనుకకు త్రోయునని పలువురు తలచుచుండిరి. అనాదిగా మన కన్నులయెదుట జరుగుచున్న పనియే యైనను, దాని గుట్టు కంటికి చిక్కలేదు. దానిని పట్టుటకై ఒక ఫ్రెంచి వైద్యుడు సుమారు ఇరువదియేండ్లు శ్రమపడెను. ఆ కథయే నేడు మీకు విన్నవించుచున్నాను.

ఆయన పేరు ఎటియెన్ జూల్ మారే. ఫ్రాన్సుదేశమున ద్రాక్షతోటలకు పేరువడ్డ బోన్ అను పట్టణమున 1830లో జన్మించెను. మన వైద్యులు నాడిని వ్రేళ్లతో పట్టి చూతురు గదా. ఒకరి వ్రేళ్లకు తెలిసినది మఱియొకరి వ్రేళ్లకు తెలియకపోవచ్చును. మారే యట్లుగాక, నాడియే తన కొట్టుకొనుటను మసిపట్టించిన కాగితముపై గీతగా వ్రాసికొనునట్లు 1860లో ఒక పరికరమును సిద్ధపఱచెను. ఇంద్రియములను నమ్మరాదు, కదలుచున్న వస్తువే తన కదలికకు సాక్ష్యము వ్రాయవలెను అనునది ఆయన పట్టుదల.

పక్షుల విషయమునను మొదట ఇదే త్రోవ పట్టెను. పావురమునకు జీనువంటి కట్టు కట్టి, పలుచని రబ్బరుపొర బిగించిన చిన్న డిబ్బీలను దానిపై నమర్చి, వానినుండి నేలమీది యంత్రమునకు సన్నని రబ్బరుగొట్టములు తగిలించి యెగురవేసెను. ఱెక్క ఆడినకొలది గొట్టములోని గాలి యొత్తిడి మాఱి, దూరమున నొక ముల్లు గీతను వ్రాయుచుండెను. ఱెక్కకొన గాలిలో కోడిగ్రుడ్డు అంచువంటి చుట్టు తిరుగుననియు, దిగునప్పుడు ముందునకే సాగుననియు ఆ గీతలవలన తేలినది. 1873లో ఆయన ప్రకటించిన గ్రంథమున ఈ సంగతులు కలవు. దాని పేరునకు "జంతుయంత్రము" అని యర్థము. చిక్కేమన, గొట్టముల నీడ్చుచు ఎగురు పావురము స్వేచ్ఛగా నెగురు పావురమగునా? కాడి మోయుచున్న ఎద్దు నడకను చూచి విడిచిపెట్టిన ఎద్దు నడకను నిర్ణయింపగలమా? ఈ సందేహమునకు ఆ పరికరములలో జవాబు లేదు.

అంతలో 1878 డిసెంబరున "లా నాత్యూర్" అను ప్యారిసు పత్రికలో కొన్ని గుఱ్ఱపు బొమ్మలు వెలువడెను. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు మాజీ గవర్నరు లీలండ్ స్టాన్‌ఫర్డ్ ధనసాహాయ్యముతో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జి యను ఛాయాగ్రాహకుడు దారి ప్రక్కన పండ్రెండు కెమేరాలను వరుసగా నిలిపి, దారికడ్డముగా దారములు కట్టి, పరుగెత్తు గుఱ్ఱము ఒక్కొక్క దారమును తెంపగనే ఒక్కొక్క కెమేరా పనిచేయునట్లు చేసెను. పరుగులో నొక క్షణమున గుఱ్ఱపు నాలుగు కాళ్లును నేలను విడుచుననియు, చిత్రకారులు వేయుచుండినట్లు కాళ్లు చాపి గాక, కడుపు క్రిందికి ముడిచియే విడుచుననియు రుజువయ్యెను. మారే వెంటనే పత్రికాధిపతి గాస్టన్ టిస్సాండియేకు లేఖ వ్రాసి, మైబ్రిడ్జితో సంబంధము కలుపుమనియు, ఆయన పక్షులను గూడ నిట్లే పట్టిన బాగుండుననియు కోరెను. మైబ్రిడ్జి 1881లో ప్యారిసునకు వచ్చి పావురముల చిత్రములను చూపెను గాని, అవి మారేకు తృప్తినీయలేదు. పక్షి గుఱ్ఱమువలె గీచిన దారిన పోయి దారములు తెంపదు. (ఈ యిరువురును 1830లోనే పుట్టి 1904లోనే గతించుట యొక వింత.)

అందుచేత పక్షివెంట కెమేరాయే తిరుగవలెనని మారే నిశ్చయించెను. 1874లో శుక్రగ్రహము సూర్యబింబమును దాటునప్పటి చిత్రములకై జాన్సెన్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు తిరుగుపలకగల పరికరము నొకదానిని కల్పించియుండెను. ఆ సూత్రమునకు, వెలుతురును మిక్కిలి వేగముగ గ్రహించు క్రొత్త జెలటిను గాజుపలకలను జోడించి, 1882 ఆరంభమున మారే యొక తుపాకిని చేయించెను. గొట్టములో గుండునకు మాఱుగ కటకము; వెనుక గుండ్రని పెట్టెలో గడియారపు చక్రములు; చీలికగల నల్లని బిళ్ల; దాని వెనుక గాజుపలక. గురిచూచి మీట నొక్కగనే పలక సెకండునకు పండ్రెండుమాఱులు కదలి కదలి యాగును. ఆగిన ప్రతిసారియు చీలిక దానియెదుట దాటుచు సెకండులో 720వ వంతు మాత్రమే వెలుతురును లోనికి విడుచును.

చలికాలమున నేపుల్స్ దగ్గరి పొసిలిపోలో నుండుట ఆయనకు అలవాటు. ఆ తీరమున తుపాకి చేతబట్టి పక్షులపై గురిచూచుచు, ఒక్కదానినైన కూల్చక యింటికి పోవు దొరను చూచి ఊరివారు "పొసిలిపో వెఱ్ఱివాడు" అని నవ్వుకొనిరట. ఈ తుపాకిలో ప్రాణహింస యేమియు లేదని ఆయన తల్లికి జాబు వ్రాసెను. గల్ అను సముద్రపక్షి యొకటి సెకండునకు సరిగా మూడుమాఱులు ఱెక్కలాడించుటచే, పండ్రెండు చిత్రములలో నాలుగు భంగిమలే తిరిగి తిరిగి వచ్చినవి. మొదటిదానిలో ఱెక్కలు పూర్తిగ పైకెత్తియున్నవి, రెండవదానిలో దిగనారంభించినవి, మూడవదానిలో అట్టడుగునకు చేరినవి, నాల్గవదానిలో మరల లేచుచున్నవి. పక్షిపై కట్టు లేదు, గొట్టము లేదు.

అయినను ఆ చిత్రములు మిక్కిలి చిన్నవి; పెద్దవి చేసినచో నల్లని నీడలే గాని ఈకలు కానరావు. మఱియొకడైనచో వచ్చిన కీర్తితో తృప్తిచెందెడివాడు. మారేకు కావలసినవి బొమ్మలు గావు, కొలతలు. అదే సంవత్సరమున ప్యారిసు అంచున నగరపాలకులిచ్చిన స్థలములో ఆయన ప్రయోగశాల వెలసెను. లోతైన నల్లని చావడి యెదుట తెల్లని పక్షిని ఎగురవిడిచి, కదలని యొకే పలకపై భంగిమల నన్నింటిని వరుసగా పట్టెను. అవి ఒకదానిపై నొకటి పడుచుండుటచే 1888లో పొడుగాటి కాగితపుచుట్టపై తీయసాగెను. సినిమా పుట్టుకకు దారితీసిన పనులలో ఇది యొకటి. పైనుండియు, ప్రక్కనుండియు, ఎదుటనుండియు చిత్రములు తీసి, ఆ కొలతలతో ఎగురుచున్న గల్ పక్షి భంగిమలను కంచున పోతపోయించెను. 1890లో పక్షుల యెగురుటపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. గొట్టములు కట్టిన పావురము చెప్పినమాటనే స్వేచ్ఛగల పక్షియు చెప్పినది: ఱెక్క దిగునప్పుడు ముందునకే సాగును.

అమెరికాలో విమానమును నిర్మించిన రైటు సోదరులు మారే "జంతుయంత్రము"నకు ఆంగ్లానువాదమును చదివినవారే. నిజము చెప్పవలెనన్న, వారికి కావలసిన ముఖ్యమైన కిటుకును, అనగా గాలిలో ఒరిగిన పెద్దపక్షి ఱెక్కకొనలను మెలిపెట్టి సరిదిద్దుకొనుటను, విల్బర్ రైటు కంటితోనే కనిపెట్టెను. కంటిని నమ్మని మారే దీనికేమనెడివాడో! 1903 డిసెంబరు 17న వారి యంత్రము ఎగిరినది. ఐదు నెలలకు, 1904 మే నెలలో, మారే ప్యారిసునందు కన్నుమూసెను.