ముంగండ నుంచి ఢిల్లీ దర్బారుకి

మన గోదావరి వాళ్ళలో మొట్టమొదటి ఆన్‌సైట్ ఎవరిదని అడిగితే నేనైతే జగన్నాథ పండితరాయల పేరే చెప్తాను. పూర్వీకుల ఊరు కోనసీమలో ముంగండ, పి.గన్నవరం పక్కన. క్లయింటు షాజహాన్ (1628-1658). 'పండితరాజ' బిరుదు ఇచ్చింది కూడా ఆ పాదుషాయే.

సంస్కృత పండితుడంటే పిలక పెట్టుకుని పాతవన్నీ వల్లె వేసే మనిషని మనకో బొమ్మ ఉంది కదా (సినిమాల పుణ్యం). ఈయన ఆ బొమ్మలో ఇమడడు. రసగంగాధరంలో పెద్దపెద్దవాళ్ళు చెప్పిన కావ్యలక్షణాలని ఒక్కొక్కటే విప్పి చూసి, శబ్దమూ అర్థమూ కలిస్తే కావ్యం అనడం కుదరదు, రమణీయమైన అర్థాన్నిచ్చే శబ్దమే కావ్యం అని తేల్చాడు. తన లక్షణాలకి ఉదాహరణలు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనని ముందే చెప్పి, అన్నీ తనే రాసుకున్నాడు. పొగరే, కాదనను. కానీ ఆ పొగరుకి తగ్గ సరుకుంది.

లవంగి అనే ముస్లిం అమ్మాయితో ప్రేమ, వెలివేత, మెట్టుమెట్టుకీ పైకొచ్చిన గంగ... ఈ కథ అందరికీ తెలుసు. ఆయనవని చెప్పే కొన్ని శ్లోకాలు తప్ప దానికి గట్టి ఆధారమేమీ లేదు.

నాకు అంతకంటే మజా అనిపించేది కాశీ గొడవ. భట్టోజీ దీక్షితుడు తన గురువు శేషకృష్ణుడి వ్యాకరణ గ్రంథాన్నే ప్రౌఢమనోరమలో తప్పుపట్టాడు. ఆ శేషకృష్ణుడి కొడుకు వీరేశ్వరుడు మన జగన్నాథుడి గురువు. ఇంకేం, గురుద్రోహి అంటూ భట్టోజీ మీద ఒక పుస్తకమే రాసేశాడు: మనోరమా కుచమర్దనం. ఆ పేరుకి అర్థం పెద్దవాళ్ళ ముందు చెప్పలేం! అప్పయ్య దీక్షితుణ్ణీ వదల్లేదు, చిత్రమీమాంసాఖండనం ఆయన మీదే.

ఇంత తిట్టినా గెలిచింది ఎవరు? వ్యాకరణంలో భట్టోజీయే. ఇవాళ్టికీ పాఠశాలల్లో చెప్పేది ఆయన సిద్ధాంతకౌముదినే. రసగంగాధరమేమో ఉత్తరాలంకారం దగ్గర సగంలో ఆగిపోయింది. ఆ సగం పుస్తకానికి వ్యాఖ్యానం రాసింది ఎవరనుకున్నారు? నాగేశభట్టు, భట్టోజీ మనవడు హరిదీక్షితుడి శిష్యుడు. అంటే అవతలి టీమువాడే కూర్చుని ఈయన పుస్తకానికి డాక్యుమెంటేషన్ రాశాడన్నమాట. నచ్చనిచోట వ్యాఖ్యానంలోనే దెబ్బలాడుతూ మరీ.